పేగు బిగిసినప్పుడు బిళ్ళ ఏం చేస్తుంది?

కొత్తవలస నుంచి రోజూ పొద్దున్నే విశాఖపట్నం వెళ్ళొచ్చే ఉద్యోగుల్లో, కాలేజీ పిల్లల్లో కొందరికి రైలు టైము కంటే పెద్ద లెక్క ఇంకొకటి ఉంటుంది. ఇల్లు దాటాక మరుగుదొడ్డి ఎక్కడ దొరుకుతుందన్నదే ఆ లెక్క. నాలుగు ఇడ్లీలు తిని పది నిమిషాలు గడవకముందే బొడ్డు కింద మెలిపెడుతుంది. వెళ్ళొస్తే కాస్త తెరిపి. చెప్పులు వేసుకునేసరికి మళ్ళీ మొదలు. ఇంకొందరిది దీనికి తలకిందులు. మూడు రోజులకోసారి, అదీ ముక్కి ముక్కి వెళ్తారు. సాయంత్రానికి పొట్ట ఉబ్బి లుంగీ ముడి బిగుసుకుపోతుంది. రక్తపరీక్షలు, స్కానింగు చేయిస్తే అన్నీ బాగానే ఉన్నాయని రిపోర్టు వస్తుంది. నొప్పి మాత్రం ఎక్కడికీ పోదు. చివరికి దారి మందుల షాపుకే. “కడుపు మెలెడతంది బాబూ, ఓ బిళ్ళియ్యి” అంటే షాపతను స్ట్రిప్పు నుంచి రెండు బిళ్ళలు కత్తిరించి చేతిలో పెడతాడు. మందు పేరున్న ముక్క చాలాసార్లు షాపులోనే ఉండిపోతుంది.

ఆ బిళ్ళ గురించే ఈ అధ్యాయం. అది చాలామందికి నిజంగానే ఉపశమనం ఇస్తుంది. ఎందుకు ఇస్తుందో, ఎంత ఇస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలిస్తే దాన్ని మంచిగా వాడుకోవచ్చు. తెలియకపోతే అదే బిళ్ళ కిడ్నీకో, కాలేయానికో, కంటికో చేటు చెయ్యొచ్చు.

పుండు లేని నొప్పి

ఈ బాధకు వైద్యులు పెట్టిన పేరు ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, పొట్టిగా ఐబీఎస్. 2016లో వెలువడిన రోమ్-4 ప్రమాణాల ప్రకారం, గత మూడు నెలలుగా సగటున వారానికి ఒక రోజైనా కడుపునొప్పి ఉండాలి. ఆ నొప్పికి విరేచనంతో సంబంధం ఉండటం, విరేచనాల సంఖ్య మారడం, మలం తీరు మారడం అనే మూడింటిలో కనీసం రెండు కనిపించాలి. బాధ మొదలై ఆరు నెలలైనా అయి ఉండాలి. విరేచనాలు ఎక్కువగా ఉండే రకం, మలబద్ధకం ఎక్కువగా ఉండే రకం, రెండూ కలిసిన రకం అని దీన్ని విడదీస్తారు. ఈ తేడా మందు ఎంచుకునేటప్పుడు అక్కరకొస్తుంది.

ఇండియన్ సొసైటీ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ టాస్క్‌ఫోర్స్ 2008లో వెలువరించిన నివేదికలో, మన దేశంలో జనసామాన్యంలో 4.2 శాతం మందికి ఐబీఎస్ ఉన్నట్టు తేలింది. ఆ లెక్కన వెయ్యిమంది ఉన్న ఊళ్ళో నలభైమందికి పైగానే ఉంటారు. అయినా వీళ్ళలో చాలామంది ఆ పేరే వినలేదు. దశాబ్దాలపాటు వీళ్ళ చీటీల మీద ‘అమీబియాసిస్’ అనే రాశారు, మెట్రోనిడజోల్ కోర్సులు పదేపదే మింగించారు. ఇంట్లోవాళ్ళు ‘గ్యాస్ ట్రబుల్’ అన్నారు. రిపోర్టులో ఏమీ లేదు కాబట్టి అంతా మనసులోనే ఉందన్నవాళ్ళూ ఉన్నారు.

నొప్పి నిజమేనని చూపించే ఆధారం 1973 నుంచీ ఉంది. రిచీ అనే బ్రిటిష్ పరిశోధకుడు పెద్దపేగు చివర చిన్న బెలూన్ ఉంచి గాలి నింపాడు. మామూలు వాళ్ళకు నొప్పి తెలియని పరిమాణంలోనే ఐబీఎస్ ఉన్నవాళ్ళలో చాలామందికి నొప్పి వచ్చింది. పేగు గోడలో పుండు లేదు, గడ్డ లేదు. అక్కడి నుంచి వెళ్ళే కబురు మాత్రం మెదడుకు పెద్దదిగా చేరుతోంది.

కొందరిలో ఈ అతిస్పందన ఒక విరేచనాల జబ్బుతో మొదలవుతుంది. కెనడాలోని వాకర్టన్ పట్టణంలో 2000 మే నెలలో తాగునీరు కలుషితమై సుమారు 2,300 మంది జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు. రెండు మూడేళ్ళ తరవాత పరీక్షిస్తే, అప్పుడు జబ్బుపడినట్టు వైద్యులు గుర్తించిన వాళ్ళలో 36 శాతం మందికి ఐబీఎస్ లక్షణాలున్నాయి. జబ్బు పడనివాళ్ళలో అవి 10 శాతం మందికే కనిపించాయి. మన విజయనగరం జిల్లా గుర్లలో 2024 అక్టోబరులో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. అలాంటి ఊళ్ళో సెలైన్ బాటిళ్ళు తీసేశాక కూడా నెలల తరబడి ఎవరికైనా కడుపు కుదుటపడకపోతే, అది వాళ్ళ భయమో బద్ధకమో అనుకోకూడదు. వాకర్టన్ నేర్పిన పాఠం అదే. మంచినీళ్ళ పైపు బాగుచెయ్యడం కూడా ఐబీఎస్‌ను ఆపే పనే.

పేగుకు తన బుర్ర తనకుంది

బిళ్ళ ఎక్కడ పనిచేస్తుందో తెలియాలంటే పేగు ఎలా కదులుతుందో చూడాలి. 1899లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సంగతి గమనించారు. పేగులో ఒకచోట ముద్ద ఉంటే దాని వెనకభాగం బిగుసుకుంటుంది, ముందుభాగం సడలుతుంది. మెదడు నుంచి వచ్చే నరాలు తెంచేసినా ఈ కదలిక ఆగలేదు. పేగు గోడలోనే పది కోట్లకు పైగా నాడీకణాలున్నాయని, ఈ పని అవే నడిపిస్తాయని తరవాతి కాలంలో తేలింది.

కొత్తవలసలో కిరండూల్ లైను కలిసే చోట బైలదిల్లా ఇనుప ఖనిజం బండి చూసినవాళ్ళకు ఈ ఏర్పాటు తేలిగ్గా అర్థమవుతుంది. వెనకనుంచి తోపు ఉండాలి, ముందు లైన్ క్లియర్ ఉండాలి, అప్పుడే బండి సాగుతుంది. ఐబీఎస్‌లో కొన్నిసార్లు ముందూ వెనకా ఒకేసారి బిగుసుకుంటాయి. మధ్యలో చిక్కిన గాలి, మలం పేగు గోడను సాగదీస్తాయి. ఆ గోడ ముందే అతిగా స్పందించేది కాబట్టి మెలిపెట్టిన నొప్పి పుడుతుంది. అన్నం తినగానే పెద్దపేగు చురుగ్గా కదలడం అందరిలోనూ ఉండే సహజ స్పందన. వీళ్ళలో అదే బాధగా మారుతుంది. ఇడ్లీ తిన్న పది నిమిషాలకే పరుగెత్తించేది ఇదే.

కండరం బిగుసుకోవాలంటే కణంలోకి కాల్షియం రావాలి. కాల్షియం తలుపు తెరవమని చెప్పే నాడీ రసాయనాల్లో ముఖ్యమైనది ఎసిటైల్‌కోలిన్. నాడి నుంచి కబురు రసాయన రూపంలో వెళ్తుందని 1921లో కప్పగుండె మీద ప్రయోగం చేసి నిరూపించినందుకు ఒట్టో లోవీ, హెన్రీ డేల్‌తో కలిసి 1936లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆ రసాయనం ఎసిటైల్‌కోలినే. పేగు బిగువు సడలించడానికి రెండు దారులున్నాయి. ఎసిటైల్‌కోలిన్ కబురు కండరానికి అందకుండా అడ్డుకోవడం ఒకటి. కండరం మీదే నేరుగా పనిచేసి కాల్షియం ప్రభావాన్ని తగ్గించడం రెండోది.

ఉమ్మెత్త జాతి మందులు

మొదటి దారి మందులకు మూలం మన పొలాల గట్ల మీదుంది. ఉమ్మెత్త చెట్టులో అట్రోపిన్, హయోసిన్ అనే రసాయనాలుంటాయి. ఉమ్మెత్త గింజలు తిన్న పిల్లవాణ్ణి ఆసుపత్రికి తెచ్చినప్పుడు డాక్టరుకు కనిపించేవి ఎండిపోయిన నోరు, పెద్దవైన కంటిపాపలు, గుండెదడ, మూత్రం ఆగిపోవడం, మతి తప్పిన మాటలు. ఇవన్నీ ఎసిటైల్‌కోలిన్ కబురు ఒళ్ళంతా ఆగిపోయినందువల్ల వచ్చినవే. అదే చర్యను చిన్న మోతాదులో, పేగు వరకే పరిమితం చెయ్యగలిగితే మందవుతుంది.

హయోసిన్‌ను కాస్త మార్చి చేసిన హయోసిన్ బ్యూటైల్‌బ్రోమైడ్ 1950ల తొలినాళ్ళలో జర్మనీ నుంచి బస్కోపాన్ పేరుతో వచ్చింది. ఆ మార్పు వల్ల అది మెదడులోకి దాదాపుగా వెళ్ళదు, రక్తంలోకి కూడా కొద్దిగానే చేరుతుంది. మన షాపుల్లో ఎక్కువగా అమ్ముడయ్యే డైసైక్లోమిన్ ఇదే కోవకు చెందింది, కానీ అది ఒళ్ళంతా తిరుగుతుంది. అందుకే నోరెండటం, చూపు మసకబారడం, తల తిరగడం దానితో ఎక్కువ.

రెండో దారిలో మెబెవెరిన్, డ్రోటావెరిన్ ఉన్నాయి. నల్లమందు నుంచి 1848లో వేరుచేసిన పాపావెరిన్‌కు డ్రోటావెరిన్ దగ్గరి చుట్టం. హంగరీలో 1960ల తొలినాళ్ళలో తయారైంది. నల్లమందు చుట్టరికం ఉన్నా మత్తుగానీ అలవాటుగానీ దీనికి లేదు. మెబెవెరిన్‌కు ఎసిటైల్‌కోలిన్ జోలి తక్కువ కాబట్టి నోరెండటం లాంటి ఇబ్బందులు అరుదు. పుదీనా జాతి మొక్క పెప్పర్‌మింట్ నూనెలోని మెంథాల్ కూడా కాల్షియం తలుపునే మూస్తుంది. కడుపులో కరగకుండా పేగు దాకా వెళ్ళే పూత ఉన్న గుళికగా దాన్ని వాడతారు. ఆ గుళిక నమిలితే గుండెల్లో మంట ఖాయం.

ఎంతమందికి పనిచేస్తుంది?

2011లో కాక్రేన్ సంస్థ 56 ప్రయోగాలను కలిపి చూసింది. పేగు బిగువు సడలించే మందు వాడినవాళ్ళలో 58 శాతం మందికి కడుపునొప్పి తగ్గింది. మందు లేని ఉత్తుత్తి బిళ్ళ వాడినవాళ్ళలో 46 శాతం మందికి తగ్గింది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. మందులోని రసాయనం వల్ల అదనంగా బాగుపడింది వందకు పన్నెండు మంది, అంటే సుమారు ఎనిమిది మందిలో ఒకరు. ఐబీఎస్‌లాంటి మొండి బాధకు ఇది తీసిపారెయ్యాల్సిన సాయం కాదు. అలాగని బిళ్ళ వేసిన ప్రతివాడి నొప్పీ పోతుందనుకోవడమూ సరికాదు.

ఉత్తుత్తి బిళ్ళకే అంతమంది తేరుకున్నారంటే వాళ్ళ నొప్పి అబద్ధమని అర్థం చేసుకోకండి. 2010లో హార్వర్డ్‌లో టెడ్ కాప్చుక్ బృందం 80 మంది ఐబీఎస్ రోగులతో ఒక ప్రయోగం చేసింది. సగం మందికి “ఇందులో మందేమీ లేదు” అని ముందే చెప్పి మరీ బిళ్ళలిచ్చారు. మూడు వారాల తరవాత వాళ్ళలో 59 శాతం మంది తగినంత ఉపశమనం కలిగిందన్నారు. బిళ్ళలేమీ ఇవ్వనివాళ్ళలో 35 శాతం మందే ఆ మాట అన్నారు. పేగుకూ మెదడుకూ మధ్య రాకపోకలు ఎంత గట్టివో ఇది చూపిస్తుంది. కూర్చోబెట్టి, ఓపిగ్గా విని, జబ్బు పేరు చెప్పి, ఇది క్యాన్సర్ కాదని ధైర్యమిచ్చే డాక్టరు మాటకు ఉన్న బలం కూడా ఇందులో ఉంది.

మోతాదు సంగతి మరొకటి. డైసైక్లోమిన్ ఐబీఎస్‌లో పనిచేస్తుందని చూపిన ప్రసిద్ధ అమెరికన్ ప్రయోగాల్లో రోజుకు 160 మిల్లీగ్రాములు ఇచ్చారు. 82 శాతం మందికి మేలు కనిపించింది, ఉత్తుత్తి బిళ్ళతో 55 శాతం మందికి కనిపించింది. ఆ మోతాదులో మూడోవంతు మందికి నోరెండింది, ఇంకా ఎక్కువమందికి తల తిరిగింది. మన దగ్గర ఒక బిళ్ళలో ఉండేది సాధారణంగా 10 లేదా 20 మిల్లీగ్రాములు. డ్రోటావెరిన్ మీద 2014లో మన దేశంలోనే 180 మందితో జరిగిన ప్రయోగంలో, 80 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు చొప్పున నాలుగు వారాలు ఇస్తే ఉత్తుత్తి బిళ్ళ కంటే బాగా పనిచేసింది.

చాలా ప్రయోగాలు చిన్నవి, పాతవి కావడంతో నిపుణుల్లోనే ఏకాభిప్రాయం లేదు. అమెరికాలోనే ఒక వైద్యసంఘం 2021లో తమ దేశంలో దొరికే ఈ మందులు ఐబీఎస్‌కు వద్దంది. మరో సంఘం 2022లో వాడవచ్చంది. అవే ఆధారాలు చదివి రెండు మాటలు చెప్పారు. రోగికి దీనివల్ల తెలియాల్సింది ఒకటుంది. ఈ మందును తన ఒంటి మీద కొన్నాళ్ళు పరీక్షించి, పనిచేస్తే ఉంచుకోవాలి, చెయ్యకపోతే మానెయ్యాలి.

బిళ్ళలో ఇంకేం కలిసింది?

మన ఊళ్ళలో అసలు ప్రమాదం చాలావరకు ఇక్కడుంది. డైసైక్లోమిన్ ఒంటరిగా దొరకడం తక్కువ. ఎక్కువగా మరో మందుతో జతకట్టి వస్తుంది.

20 మిల్లీగ్రాముల డైసైక్లోమిన్, 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్ కలిసిన బిళ్ళ ఒకటి. నొప్పి తగ్గలేదని రోజుకు ఎనిమిది బిళ్ళలు వేసుకుంటే డైసైక్లోమిన్ 160 మిల్లీగ్రాములవుతుంది. దానితోపాటే నాలుగు గ్రాముల పారాసెటమాల్ లోపలికి పోతుంది. ఆరోగ్యవంతుడైన పెద్దవాడికి రోజు మొత్తంలో దాటకూడని హద్దు అది. అదే రోజు జ్వరానికి మరో బిళ్ళ వేసుకుంటే హద్దు దాటినట్టే. మద్యం అలవాటున్నవాడి కాలేయానికి అంతకన్నా తక్కువ మోతాదూ ముప్పే.

మెఫెనమిక్ యాసిడ్‌తో కలిసినది రెండోది. నెలసరి నొప్పికి ఆడపిల్లలు వాడే ఈ జత మందునే ఇంట్లో అందరూ కడుపునొప్పికి వాడేస్తుంటారు. మెఫెనమిక్ యాసిడ్ వాపును తగ్గించే నొప్పిమందు. ఐబీఎస్ నొప్పిలో దానికి చోటు లేదు. జీర్ణకోశంలో పుండ్లు పడేలా చేస్తుంది, కిడ్నీకి రక్తప్రసరణ తగ్గిస్తుంది. ఈ మందు వల్ల ఒంటిమీద దద్దుర్లు, జ్వరం, లోపలి అవయవాలకు దెబ్బ కలిసి వచ్చే డ్రెస్ సిండ్రోమ్ అనే తీవ్ర ప్రతిచర్య రావచ్చని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023 నవంబరులో హెచ్చరిక జారీ చేసింది. ఉత్తరాంధ్రవాళ్ళు ఈ మాట రెండింతలు శ్రద్ధగా వినాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస వంటి మండలాల్లో కారణం పూర్తిగా తేలని కిడ్నీ జబ్బు తరతరాలను కుంగదీస్తోంది. కిడ్నీ బలహీనపడిన మనిషికి ఇలాంటి నొప్పిమందు అసలు ఇవ్వకూడదు. ఉద్దానం నుంచి పనికోసం విశాఖకో, కొత్తవలస ఫ్యాక్టరీలకో వచ్చిన మనిషి కడుపునొప్పి బిళ్ళ అడిగితే, అందులో ఏమున్నదో చూసి ఇవ్వడం షాపతని బాధ్యత, అడిగి తెలుసుకోవడం కొనేవాడి హక్కు.

క్లోర్‌డయాజిపాక్సైడ్ కలిసినది మూడోది. అది ఆందోళన తగ్గించే మందు. వారాల తరబడి వాడితే అలవాటుగా మారుతుంది, హఠాత్తుగా మానితే ఒళ్ళు తట్టుకోలేదు. డాక్టరు చీటీ లేకుండా అది చేతికే రాకూడదు.

జతలేని డైసైక్లోమిన్‌కూ హద్దులున్నాయి. నీటికాసులు ఉన్నవాళ్ళు, ప్రోస్టేట్ పెరిగి మూత్రం కష్టంగా వస్తున్నవాళ్ళు, పేగులో అడ్డంకి ఉన్నవాళ్ళు వాడకూడదు. ఆరు నెలల్లోపు పసిపిల్లలకు ఇవ్వనే కూడదు, పాలిచ్చే తల్లులూ వాడకూడదు. ముసలివాళ్ళకు తికమక, మతిమరుపు రావచ్చు. మలబద్ధకం ఎక్కువగా ఉన్న ఐబీఎస్‌ను అది ఇంకా పెంచుతుంది. చెమటను కూడా తగ్గిస్తుంది కాబట్టి వేసవి ఎండలో ఒళ్ళు చల్లబడే దారి మూసుకుపోతుంది. మే నెలలో ఉపాధి పనికి గునపం పట్టేవాళ్ళకూ, ఇటుక బట్టీలోనో కొలిమి పక్కనో పనిచేసేవాళ్ళకూ వడదెబ్బ ముప్పు దీనివల్ల పెరుగుతుంది. ఆ రోజుల్లో ఈ మందు అవసరమైతే ముందు డాక్టరుతో మాట్లాడాలి.

ఎలా వాడితే మేలు?

మొదట ఇది ఐబీఎస్ అవునో కాదో తేలాలి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, రక్తహీనత, నిద్రలోంచి లేపేసే నొప్పి లేదా విరేచనం, నలభై అయిదు యాభై ఏళ్ళ తరవాత కొత్తగా మొదలైన బాధ, ఇంట్లో పేగు క్యాన్సర్ చరిత్ర ఉంటే బిళ్ళతో కాలం గడపకూడదు. మన దేశంలో పేగు క్షయ కూడా ఇలాగే మెలిపెట్టే నొప్పితో మొదలవుతుంది. హఠాత్తుగా వచ్చిన తీవ్రమైన నొప్పితో పొట్ట గట్టిపడి, వాంతులై, గాలి కూడా పోకపోతే నేరుగా ఆసుపత్రికే వెళ్ళాలి. ఆ సమయంలో బిళ్ళ వేసుకుంటే లక్షణాలు మరుగున పడతాయి.

ఐబీఎస్ అని తేలాక బిళ్ళకు సమయం ముఖ్యం. నొప్పి ముదిరాక వేసేకంటే, భోజనం తరవాత నొప్పి వచ్చేవాళ్ళు భోజనానికి ముందే వేసుకోవాలి. మెబెవెరిన్‌ను 135 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు, తినడానికి ఇరవై నిమిషాల ముందు రాస్తారు. నొప్పి లేని రోజుల్లో మానెయ్యవచ్చు. నాలుగు వారాలు సరిగ్గా వాడినా తేడా లేకపోతే అదే మందును నెలల తరబడి లాగకుండా మళ్ళీ డాక్టరును కలవాలి. పెద్ద డోసు అడగడం కంటే వేరే దారి వెతకడం మేలు. తక్కువ మోతాదు అమిట్రిప్టిలిన్ అలాంటి దారే. 2023లో ఇంగ్లండ్‌లో 463 మందితో జరిగిన అట్లాంటిస్ ప్రయోగం, మామూలు డాక్టర్ల దగ్గరే వాడినా అది ఐబీఎస్‌ను తగ్గిస్తుందని తేల్చింది.

బిళ్ళతోపాటు పళ్ళెం వైపూ చూడాలి. కరిగే పీచు ఉన్న ఇసబ్‌గోల్ మేలు చేస్తుంది, గోధుమ తవుడు చాలామందిలో ఉబ్బరం పెంచుతుంది. మెల్‌బోర్న్‌లోని మోనాష్ యూనివర్సిటీ పరిశోధకులు పేగులో పులిసి గాలి పుట్టించే పిండిపదార్థాలను ఫాడ్‌మ్యాప్ అని పిలిచారు. మన వంటింట్లో ఉల్లి, వెల్లుల్లి, కందిపప్పు, ఉలవలు, గోధుమ, పాలు ఆ కోవలోవి. వరి అన్నం ఆ ఇబ్బంది పెట్టదు. దక్షిణ భారతీయుల్లో పాలలోని లాక్టోజ్ అరగనివాళ్ళు ఎక్కువ కాబట్టి రెండు వారాలు పాలు మాని చూస్తే కొందరికి అసలు దోషి అక్కడే దొరుకుతుంది. అన్నీ ఒకేసారి మానేసి ఒళ్ళు చిక్కిపోయేలా పథ్యం చెయ్యడం తప్పు. ఒక్కొక్కటి మాని, మళ్ళీ మొదలుపెట్టి చూడాలి. ఎప్పుడు తిన్నారు, ఎప్పుడు నొప్పి వచ్చింది, ఎప్పుడు బిళ్ళ వేశారు అని ఓ నోటుబుక్కులో రాసుకుంటే ఈ వెతుకులాట తేలికవుతుంది.

ఈ బిళ్ళ బిగిసిన కండరాన్ని కొన్ని గంటలు సడలిస్తుంది. నరాల అతిస్పందనను, ఆందోళనను, నీళ్ళలోని క్రిములను, పళ్ళెంలోని పప్పును అది ముట్టుకోదు. ఆ గంటల్లో ఒక పరీక్ష రాయగలిగితే, ఒక షిఫ్టు పూర్తిచెయ్యగలిగితే అది తక్కువ మేలేం కాదు. దాన్ని అంతవరకే నమ్మండి, మిగతా కారణాల పని వేరుగా పట్టండి. మందుల షాపులో బిళ్ళలు కత్తిరించి ఇస్తుంటే, పేరూ మోతాదూ ఉన్న ముక్కను కూడా ఇమ్మని అడగండి. లేదా ఫోనులో ఫొటో తీసుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ‘కడుపునొప్పి బిళ్ళ’ అని కాక మందు పేరు చెప్పగలిగిన రోజున మీ చికిత్స సగం దారిలో పడినట్టే.